రాత్రి రెండింటికి తెరుచుకోవలసిన తాళం: సొంత వెబ్‌సైటులో పాస్‌కీ, ఎనిమిది నెలల వాడకం తరువాత

పద్నాలుగు మంది మాత్రమే వాడే ఒక చిన్న వెబ్‌సైటును నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న మా ఇంటి నుండి నడుపుతున్నాను. ఎనిమిది నెలల క్రితం అందులో పాస్‌వర్డును తీసివేసి, దాని స్థానంలో, వేలిముద్రతోనో ఫోను పిన్నుతోనో లోనికి రానిచ్చే పాస్‌కీ పెట్టాను. బ్యాంకులకూ పెద్ద సంస్థలకూ పాస్‌కీ ఎంత మేలు చేస్తుందో వివరించే వ్యాసాలకు కొదవ లేదు గాని, నిద్ర కరవైన మనిషి చేతిలో, పగిలిన తెర ఉన్న పాత ఫోనులో, ఇంటిల్లిపాదీ వాడుకునే ఫోనులో అది ఎలా నడుస్తుందో చెప్పిన వ్యాసం నాకు కనబడలేదు. ఈ సమీక్ష ఆ సంగతికే పరిమితం.

ముందుగా ఆ వెబ్‌సైటు దేనికో చెప్పాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, మా గజపతి జిల్లా కొండల్లో వరదనూ కొండచరియలనూ మిగిల్చి పోయిన తరువాత, ఇళ్లు బాగుచేసుకోవడం ముగిసినా మనసులు కుదుటపడని కుటుంబాలు కొన్ని ఒకరికొకరు పరిచయమయ్యాయి. కాలక్రమంలో ఆ పరిచయం తుఫానుతో సంబంధం లేని ఇళ్లకూ పాకింది. ఇప్పుడున్న పద్నాలుగు మందిలో ఎక్కువమంది ఇంట్లో మనోవ్యాధితో బాధపడుతున్న భర్తనో, కూతురినో, తల్లినో చూసుకుంటున్నవారు. మేము వైద్యులం కాము, వైద్యం చెప్పము. మాలో ఒకరికి గుండె బరువెక్కిన రాత్రి మరొకరు ఫోను ఎత్తి, సలహాలు గుప్పించకుండా వింటారు. అంతే మా పని. వెబ్‌సైటులో ఉన్నవి మూడే పేజీలు. ఈ రాత్రి ఫోను ఎత్తే వంతు ఎవరిదో చెప్పే పట్టిక ఒకటి, బరంపురం పెద్దాసుపత్రికి ఎవరు ఏ రోజు వెళుతున్నారో, ఎవరి బండిలో ఖాళీ ఉందో చెప్పే పేజీ ఒకటి, నేటి పరిస్థితి గురించి రెండు ముక్కలు రాసుకునే పేజీ ఒకటి.

మూడవ పేజీ ఉన్నందువల్లనే తాళం అవసరమైంది. మా ఊళ్లో ఒక ఇంటి పిల్ల మందులు వాడుతున్నదన్న మాట బయటికి పొక్కితే, సంబంధం చూడవచ్చినవారు గుమ్మంలోనే వెనుదిరుగుతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ రోగి వివరాలను గోప్యంగా ఉంచే బాధ్యతను వైద్యం చేసేవారిపై పెట్టింది. మావంటి బంధువులపై ఆ చట్టం పెట్టకపోయినా మర్యాద పెట్టింది. కనుక తాళం గట్టిగా ఉండాలని మొదటి నుండీ పట్టుబట్టాను. ఆ పట్టుదలలో నేను చేసిన తప్పే ఈ మార్పుకు మూలం.

అప్పట్లో నేను పెట్టిన నియమాలు ఇవి: పాస్‌వర్డులో అంకె ఉండాలి, గుర్తు ఉండాలి, పెద్ద అక్షరం ఉండాలి, మూడు నెలలకొకసారి మార్చాలి, ఐదుసార్లు తప్పు కొడితే అరగంట పాటు తలుపు మూసుకుపోవాలి, వేరే చోట రాసుకున్న పాస్‌వర్డును తెచ్చి అతికించే వీలు ఉండకూడదు. వీటిలో ఒక్కటి కూడా నా సొంత ఆలోచన కాదు, ఎక్కడెక్కడో చూసి ఏరుకున్నవి. ఒక శీతాకాలపు రాత్రి, భర్తకు మూడు రోజులుగా నిద్ర లేక ఇల్లంతా తిరుగుతుంటే తానూ కూర్చునే ఉన్న ఒక పిన్నిగారు, వంతు ఎవరిదో చూద్దామని రెండు గంటలకు సైటు తెరిచారు. కొత్త పాస్‌వర్డు గుర్తు రాలేదు. పాతది కొట్టారు, దానికి అంకె మార్చి కొట్టారు, చేతులు వణికి ఇంకేవో కొట్టారు. తలుపు మూసుకుపోయింది. మరునాడు ఆమె నాతో ఫిర్యాదుగా కాక, చాలా మామూలుగా, "తాళం వేసేసి ఉంది బాబూ, ఆ వేళప్పుడు ఇంకెవరినీ లేపడం ఎందుకులే అని తెల్లారేదాకా కూర్చున్నాను" అన్నారు.

ఆ అరగంట గడువును దొంగల కోసం పెట్టాను. నా లెక్కల పుస్తకంలో చూస్తే ఆ ఏడాదిలో అది ఆపినది ఆమెను ఒక్కరినే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిలో సహాయకుడు చేయవలసిన పనిని మూడు మాటల్లో చెప్పారు: చూడటం, వినడం, జోడించడం. మొదటి రెండూ మనుషులు చేసేవి. మూడవదానికి, అంటే కష్టంలో ఉన్నవారిని సరైన మనిషితో కలపడానికి, నేను యంత్రాన్ని పెట్టాను. ఆ యంత్రానికి తాళం వేసి, తాళపుచెవిని జ్ఞాపకశక్తికి కట్టాను. వరుసగా మూడు రాత్రులు నిద్ర లేని మనిషిలో మొదట సన్నగిల్లేది జ్ఞాపకశక్తే. ఈ సంగతి నాకంటే ముందే తెలిసినవారు ఉన్నారు. వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే, 2023 అక్టోబర్‌లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణంలో 3.3.8 అనే నిబంధన ఉంది. పాస్‌వర్డు గుర్తుపెట్టుకోవడం, చిక్కుముడి విప్పడం వంటి బుద్ధి పరీక్ష తప్ప మరో దారి లేకుండా ఎవరినీ గుమ్మంలో నిలబెట్టకూడదని దాని సారాంశం. నేను అతికించడాన్ని నిషేధించానే, అది ఈ నిబంధనకు నేరుగా విరుద్ధం. గుర్తులూ అంకెలూ బలవంతంగా పెట్టించవద్దనీ, కారణం లేకుండా గడువు పెట్టి మార్పించవద్దనీ అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే తన మార్గదర్శకాల్లో సూచించింది. ఆరేళ్లు ఆలస్యంగా చదివాను.

పాస్‌కీ దగ్గరికి నేరుగా రాలేదు. మధ్యలో మూడు దారులు తొక్కి చూశాను, వాటిలో ఒకదాని ముచ్చట కొంత పెద్దది.

మొదటిది, అందరికీ తెలిసిన ఎస్సెమ్మెస్ ఓటీపీ. మన దేశంలో ఇలాంటి సందేశాలు పంపేవారు టెలికాం సంస్థల డీఎల్‌టీ వేదికలో తమ పేరునూ, సందేశం నమూనానూ ముందుగా నమోదు చేసుకోవాలి. పద్నాలుగు మంది కోసం, ఏ సంస్థా కాని నేను ఆ తతంగం పెట్టుకోదలచలేదు. రెండవది, ఫోనులోని యాప్ 30 సెకన్లకొకసారి మార్చి చూపే ఆరంకెల సంఖ్య. ఆ పద్ధతి 2011 నుండి ప్రమాణంగా ఉన్నది, గట్టిదే. కాని ఒక తెరలో చూసిన అంకెలను మరో తెరలో, అవి మారిపోయేలోగా కొట్టడమంటే వణికే చేతులకు మళ్లీ పరీక్షే.

మూడవది నాకు ఎంతో ఇష్టమైన ఆలోచన: పాస్‌వర్డుకు బదులు ఎవరికి వారు తమ ఇంటి తెలుగు వాక్యం ఒకటి పెట్టుకోవడం. అమ్మమ్మ అనే మాట, చిన్నప్పటి వీధి పేరు, వేసవిలో తాటిముంజలు, ఇవి మరచిపోయేవి కావు కదా అనుకున్నాను. రెండు వారాలు బాగానే నడిచింది. ఒకరోజు ఒక మాస్టారు ఫోన్ చేసి, వాక్యంలో చివరి రెండు మాటలు తప్పు కొట్టినా తలుపు తెరుచుకుందని చెప్పారు. నాకు కాళ్ల కింద నేల కదిలింది. వెతికితే తేలిన సంగతి ఇది: పాస్‌వర్డును దాచడానికి నేను వాడిన బీక్రిప్ట్ అనే పద్ధతి 72 బైట్ల వరకే చదివి మిగతాది వదిలేస్తుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. కంప్యూటరు అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ ఒక్కొక్కదానికి మూడేసి బైట్లు. అమ్మమ్మ అన్న ఒక్క మాటకే 21 బైట్లు ఖర్చు. అంటే మాస్టారి సుదీర్ఘ వాక్యంలో సుమారు 24 చిహ్నాల తరువాత ఏమి రాసినా సర్వరు చూడటం లేదు. ఆర్గాన్2 పద్ధతికి మార్చి ఆ పరిమితి వదిలించుకున్నాను గాని, తెలుగు లిపి నన్ను వదలలేదు. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే చిహ్నంగానూ, రెండు చిహ్నాల కలయికగానూ రాయవచ్చు. తెరపై రెండూ ఒకేలా కనబడతాయి, సర్వరుకు మాత్రం వేరు. పొల్లు తరువాత ఒత్తు పడకుండా కొన్ని కీబోర్డులు కంటికి కనబడని చిహ్నాన్ని చొప్పిస్తాయి, కొన్ని చొప్పించవు. వీటన్నిటినీ ఒక రూపానికి తెచ్చి, ఆ కనబడని చిహ్నాన్ని తొలగించి, ఆ తరువాతనే దాచాలి. ఇదంతా సరిచేయడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. దాచడమెందుకు, ఆ నాలుగు ఆదివారాలూ నాకు మహా సంతోషంగా గడిచాయి.

అయినా ఆ పద్ధతిని విరమించుకున్నాను, కారణం సాంకేతికం కాదు. మా పద్నాలుగు మందిలో ఐదుగురికి తెలుగు రాయడం రాదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, ఏడుపూ నవ్వూ తెలుగులోనే, బడి చదువు మాత్రం ఒడియాలో. వారి ఫోనులో తెలుగు కీబోర్డే లేదు. నిండు తెలుగు ప్రాంతాల్లో ఉన్నవారికి ఇది వింతగా తోచవచ్చు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఈ ఊళ్లో ఇది ఇంటింటి సంగతి.

అలా పాస్‌కీకి వచ్చాను. దాని పనితీరు క్లుప్తంగా ఇది. ఫోను ఒక జత తాళపుచెవులను తయారుచేసి, రహస్యమైనదాన్ని తన దగ్గర ఉంచుకొని, బహిరంగమైనదాన్ని మాత్రమే సర్వరుకు ఇస్తుంది. లోనికి రాబోయినప్పుడు సర్వరు ఒక కొత్త యాదృచ్ఛిక సంఖ్యను పంపుతుంది, ఫోను దానిపై సంతకం చేసి తిరిగి పంపుతుంది. సంతకం చేయడానికి ముందు వేలిముద్రో, ముఖమో, ఫోను పిన్నో అడుగుతుంది. దీని వెనుక ఉన్న వెబ్ఆథెన్ ప్రమాణాన్ని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2019 మార్చిలో ఆమోదించగా, ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ కలిసి దీనికి విస్తృత మద్దతు ఇస్తామని 2022 మేలో ప్రకటించాయి. నా సర్వరును ఎవరైనా దోచుకున్నా వారికి దొరికేది బహిరంగ తాళపుచెవి మాత్రమే, అది ఎవరికీ పనికిరాదు. నా సైటు పోలికతో మరొకరు దొంగ సైటు పెట్టినా, చిరునామా వేరు కనుక ఫోను సంతకం చేయదు.

వాడేవారి వైపు నుండి చూస్తే ఇంతకంటే చెప్పవలసింది లేదు: పేరు తాకాలి, వేలు పెట్టాలి, లోపల ఉంటారు. ఆ పిన్నిగారికి నేర్పడానికి మూడు నిమిషాలు పట్టింది, అందులో రెండు నిమిషాలు చేతికి అంటిన పసుపు కడుక్కోవడానికే. బట్టీపట్టవలసినది ఏదీ లేదు. ట్రాఫిక్ దీపాలు ఉన్న గళ్లు ఎంచమనడం, మన ఊళ్లలో ఎవరూ చూసి ఎరుగని ఎర్రటి అగ్నిమాపక కుళాయిలను గుర్తుపట్టమనడం వంటి చిత్రహింస కూడా లేదు. ఈ ఎనిమిది నెలల్లో రాత్రి పన్నెండు నుండి నాలుగు లోపు జరిగిన ప్రవేశాల్లో విఫలమైనవి రెండే, ఆ రెండూ నా నిర్వాకమే.

ఆ నిర్వాకం ఏమిటో ఇలాంటి పని పెట్టుకునేవారికి ఉపయోగపడుతుందని చెబుతున్నాను. పాస్‌కీ సైటు చిరునామాకు కట్టుబడి ఉంటుంది. నేను మొదట మూడు డబ్ల్యూలు ముందున్న చిరునామాతో అందరి పాస్‌కీలూ నమోదు చేయించి, నెల తరువాత చూడటానికి బాగుంటుందని ఆ డబ్ల్యూలు తీసేశాను. ఆ క్షణం నుండి ఒక్క పాస్‌కీ కూడా పనిచేయలేదు. మొదటి రోజే పొట్టి చిరునామాతో నమోదు చేయించి ఉంటే రెండు విధాలా పనిచేసేది. రెండవది, ప్రతి ప్రవేశానికీ పెరగవలసిన లెక్క ఒకటి ఫోను పంపుతుంది, పెరగకపోతే నకలు తాళపుచెవి అని అనుమానించాలని చదివి, నేను కఠినంగా అమలు చేశాను. పరికరాల మధ్య పంచుకునే పాస్‌కీలు ఆ లెక్కను సున్నాగానే ఉంచుతాయి. రెండు వైపులా సున్నా ఉంటే పట్టించుకోనక్కరలేదని ప్రమాణంలోనే ఉంది. ఐఫోను ఉన్న ఏకైక సభ్యుడు ఒక రాత్రంతా దొంగగా పరిగణించబడ్డాడు.

ఇక పాస్‌కీ లోపాలు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లోపం దాని సులువులోనే ఉంది. వేలిముద్ర కుదరకపోతే ఫోను పిన్ను చాలు అంటుంది. మన ఇళ్లలో ఆడవారి ఫోను పిన్ను వారి ఒక్కరికే తెలిసి ఉండటం అరుదు; భర్తకు తెలుసు, ఆటలాడుకునే పిల్లవాడికి తెలుసు, ఎదురింటి ఆడపడుచుకూ తెలిసి ఉండవచ్చు. ఫోను అంటే ఒక మనిషి అని పాస్‌కీ నమ్ముతుంది, ఇక్కడ ఫోను అంటే ఒక ఇల్లు. భర్త పరిస్థితి గురించి భార్య రాసుకున్న రెండు ముక్కలు ఆ భర్తే చదివి నొచ్చుకున్న సందర్భం మాలో ఒకటి వచ్చింది. ఏ తాళంతోనూ దానికి పరిష్కారం దొరకలేదు. చివరకు ఆ పేజీలో రాసినది ఏడు రోజుల తరువాత దానంతట అదే చెరిగిపోయేట్టు చేశాను. రోగి పేరు రాయడం మాన్పించాను. ఆ ఒక్క పేజీకి మాత్రం పది నిమిషాలకొకసారి మళ్లీ వేలు అడుగుతుంది. వంతుల పట్టికకు నెల రోజుల వరకు ఏమీ అడగదు.

రెండవ లోపం ఫోను పోయినప్పుడు బయటపడుతుంది. పాస్‌కీలు ఫోను ఖాతాలో భద్రంగా ఉంటాయి, కొత్త ఫోనులో అదే ఖాతా తెరిస్తే తిరిగి వస్తాయి అంటారు. నిజమే. కాని ఆ ఖాతాను తెరిచింది ఫోను కొన్న దుకాణంలోని కుర్రాడు, దాని పాస్‌వర్డు అతడికీ గుర్తు లేదు. మా సభ్యుల్లో సగం మంది పరిస్థితి ఇదే. మహేంద్రతనయలో బట్టలు ఉతుకుతూ ఒకరు ఫోను పోగొట్టుకున్నప్పుడు ఈ సంగతి తెలిసింది. మూడవది చిన్నది: ఆండ్రాయిడ్ 9 కంటే పాత ఫోనుల్లో పాస్‌కీ పనిచేయదు. మాలో అలాంటి ఫోనులు రెండు ఉన్నాయి.

అందువల్ల పక్కదారులు రెండు ఉంచాను. మొదటిది, కాగితంపై అచ్చువేసి ఇచ్చిన పది సంకేతాలు, ఒక్కొక్కటి ఒక్కసారికే. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో నేను చెప్పలేదు. బియ్యం డబ్బాలోనూ, దేవుడి పటం వెనుకా, రేషన్ కార్డు మడతలోనూ పెట్టుకున్నారని తరువాత తెలిసింది. రెండవది, సూరత్ మిల్లుల్లో పనిచేస్తూ ఇంటి వంతులో పాలుపంచుకుంటున్న ఇద్దరి కోసం ఈమెయిలుకు వచ్చే ఒక్కసారి లింకు. దానిలోనూ ఒక చిక్కు ఉంది. కొన్ని మెయిలు సేవలు లింకు మంచిదో చెడ్డదో పరీక్షించడానికి దాన్ని తామే ముందుగా తెరుస్తాయి, మనిషి తాకేసరికి అది ఖర్చయిపోయి ఉంటుంది. లింకు తెరవగానే కాక, అందులో లోనికి రండి అనే బొత్తాం నొక్కినప్పుడే చెల్లేట్టు మార్చాక ఇబ్బంది తగ్గింది.

ఇవేవీ కుదరనప్పుడు నాకు ఫోన్ చేయమన్నాను. గొంతు గుర్తుపట్టి నేనే తలుపు తీస్తాను. గొంతును నమ్మడం ప్రమాదమని సాంకేతిక నిపుణులు అంటారు, పెద్ద సంస్థల విషయంలో అది ముమ్మాటికీ నిజం. ఏళ్ల తరబడి ఎరిగిన పద్నాలుగు గొంతుల విషయంలో నాకు ఆ భయం లేదు.

ఈ కసరత్తు అంతటిలోనూ ఎక్కువ మేలు చేసిన మార్పుకు మాత్రం పాస్‌కీతో సంబంధం లేదు, పది నిమిషాల పని అది. వంతు ఎవరిదన్న సమాచారంలో రహస్యమేమీ లేదని, దాన్ని తాళం వెనుక పెట్టింది నా అలవాటేనని ఆలస్యంగా గ్రహించాను. సభ్యులను అడిగితే పేర్లు వద్దు, నంబర్లు వద్దు అన్నారు. ఇప్పుడు తాళానికి బయటనే, మొదటి పేజీలో ఒక పెద్ద బొత్తాం ఉంది. దాన్ని తాకితే ఆ రాత్రి వంతు ఎవరిదైతే వారికి ఫోను కలుస్తుంది, పేరూ నంబరూ తెరపై కనబడవు. దాని కింద 14416 అని అంతే పెద్ద అక్షరాల్లో ఉంది. అది 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ సేవ నంబరు. రోజంతా పనిచేస్తుంది, ఖర్చు లేదు, భాషల్లో తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి. వినడం మాత్రమే తెలిసిన మావంటివారి చేయి దాటిన సంగతులకు అది అవసరం. ప్రాణం తీసుకోవాలనిపిస్తున్నదా అని ఎదుటివారిని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టదని, అడగడమే మేలని మేము నేర్చుకున్నాము; అవునన్న సమాధానం వస్తే వారిని ఒంటరిగా వదలకుండా, ఆ నంబరుకో ఆసుపత్రికో చేర్చే దాకా వెంట ఉంటాము. ఆ నంబరు చూడటానికి ఎవరూ వేలు పెట్టనక్కరలేదు.

ఖర్చు సంగతి అడిగేవారికి: పాస్‌కీకి విడిగా పైసా ఇవ్వలేదు, ఉచితంగా దొరికే సిద్ధ ప్రోగ్రాము (లైబ్రరీ) వాడాను; సైటుకూ ఫోనుకూ మధ్య రాకపోకలను కాపాడే హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి, అదీ ఉచితంగానే దొరుకుతుంది. పోయినది నా ఆదివారాలు. పదిమందికి మించని గుంపుకు, అందరి దగ్గరా కొత్త ఫోనులు ఉంటే, పాస్‌కీని నిస్సందేహంగా పెట్టుకోవచ్చు. ఉమ్మడి ఫోనులు ఉన్నచోట, లోపల దాచేది ఏమిటో ముందు తగ్గించుకొని ఆ తరువాత పెట్టుకోవడం మంచిది. పాస్‌వర్డును మాత్రం నేను మళ్లీ తేను.

బొత్తాల ఫోను తప్ప మరొకటి పట్టుకోని మామ్మగారు ఒకరు మాలో ఉన్నారు. ఆమెకు పాస్‌కీ లేదు, కాగితమూ లేదు. ప్రతి ఆదివారం సాయంత్రం నేను ఫోన్ చేసి ఆ వారం వంతులు చదివి వినిపిస్తాను, ఆమె గోడ క్యాలెండరుపై బొగ్గుతో గీతలు పెట్టుకుంటారు. గత ఎనిమిది నెలల్లో వంతు ఒక్కసారి కూడా తప్పనిది ఆమె ఒక్కరే.